బేరింగు చప్పుడు

మా ఫ్యాక్టరీ క్యాంటీన్ ఉప్మాలో ఈమధ్య ఉల్లిపాయ కనిపిస్తే అదృష్టం. గుండెలో లోహపు వాల్వు వేయించుకుని, మూడు నెలల తర్వాత పటాన్‌చెరులో డ్యూటీకి వెళ్లిన రోజు నాకు తోచిన బాధ అదొక్కటే. సంతోషంగానీ భయంగానీ కలగలేదు.

స్క్రూడ్రైవర్ మొన పంపుకు, పిడి చెవికి ఆనించి విని, బేరింగు బాగుందో పాడైందో చెబుతాను. ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం ఆ చెవి మీదే నడుస్తోంది. ఆ రోజూ విన్నాను. టక్‌టక్‌మంటోంది.

"బేరింగు పోయింది, విప్పు" అన్నాను.

లైన్ ఆపించి, మా పాత ఫిట్టర్ రెండు గంటలు కష్టపడి విప్పాడు. బేరింగు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అతను చేతులు తుడుచుకుని, నా ఛాతీ దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"పంపు మంచిగనే ఉందన్నా. టక్‌టక్ కొట్టేది నీ గుండె. ఇగ ఈ పని నీతోని కాదు."