లోపలికి తిరిగిన మూల

మిర్యాలగూడలో నేను సర్వేయరుగా చేరినప్పుడు నాకు సాయంగా, కొలత గొలుసు పట్టే ఒక చైన్‌మన్ ఉండేవాడు. ఆయనకు నేను పై అధికారిని. అయితే నేను ఎక్కువగా చూసింది ఆయన వీపునే. ఒకచోట నిలబడే మనిషి కాదు.

వేములపల్లి దగ్గర ఒక ఆసామి పొలం కొలుస్తున్నాం. ఒక మూల బయటికి కాకుండా పొలంలోపలికి తిరిగి ఉంది. కాలేజీలో దాన్ని పునఃప్రవేశ కోణం అని చదువుకున్నాను. లోపలి వైపు కొలిస్తే నూట ఎనభై డిగ్రీలు దాటుతుంది. పరీక్షలో రెండు మార్కులు వచ్చాయి. ఇక్కడ మాత్రం అది మోకాలి లోతు బురదలో ఉంది.

"దీన్ని వదిలేసి అటు మూల, ఇటు మూల నేరుగా కలిపేద్దాం. కొంచెమే కదా," అన్నాను.

"ఆ కొంచెంలనే పక్క పొలం అవ్వ బోరున్నది సారూ. మూల లోపలికి పోయిందంటే మనం గూడ పోవాలె," అన్నాడు చైన్‌మన్.

"సారే జెప్పినంక నీకేం పరేషానన్నా?" అన్నాడు ఆసామి.

చైన్‌మన్ అప్పటికే బురదలో దిగి, ఆ మూలలో కర్ర నిలబెట్టి నా వైపు చూస్తున్నాడు. నేను ఆ మూలను కూడా నమోదు చేశాను.

పటం వచ్చాక అవ్వ అడిగింది. "నా బోరు నాకే ఉన్నదా బిడ్డా?"

"నీకే ఉంది అవ్వా," అన్నాను.

ఆమె నాకు దండం పెట్టింది. అది చైన్‌మన్‌కు చెందాల్సిన దండమని చెప్పాల్సింది. చెప్పకుండా తీసుకున్నాను. కుర్చీలో కుదురుగా కూర్చున్నప్పుడల్లా ఇప్పటికీ ఆ దండమే గుర్తొచ్చి లేచి నిలబడతాను.