మినుయెట్‌లో పక్కవాద్యం

ఆ రోజుల్లో, వయొలిన్ చేతికిస్తే ప్రపంచంలో ఏ సంగీతాన్నైనా వాయించెయ్యగలనని నాకు మహా ధీమా. ఉద్యోగానికని దేశం దాటి పారమట్టా వచ్చి ఆరు నెలలైనా, నేనుంటున్న ఇంటి వదిన తప్ప ఆఫీసు బయట నన్ను పలకరించే మనిషి లేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో పాతకాలపు యూరప్ నాట్యాలకు వాయించే నలుగురి బృందంలో రెండో వయొలిన్ ఖాళీ ఉందని తెలియగానే పరుగెత్తాను. "సండే ఆర్వో అంతా ఆ ముసలోళ్ళతోనా? మనవాళ్ళ బార్బీకి రమ్మంటే మాత్రం టైమ్ లేదంటావ్!" అని వదిన దెప్పేది. (ఆర్వో అంటే ఇక్కడి మాటలో మధ్యాహ్నం, బార్బీ అంటే పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందు.)

బృందం పెద్ద ఒక రిటైరైన లెక్కల టీచరు. లయ ఇసుమంత తప్పనిచ్చేది కాదు కాబట్టి గడియారం మామ్మ అని మనసులో పేరు పెట్టుకున్నాను. కాగితం మీది వాళ్ళ నోట్సు కింద పెన్సిల్‌తో సరిగమలు రాసుకుని ఎలాగో నెట్టుకొచ్చాను కానీ, పదేళ్ళు పాడేవాళ్ళ పక్కన వాయించిన చెయ్యి నాది. వాళ్ళు పాడింది పట్టుకుని నీడలా వెనకే వెళ్ళడం నాకొచ్చిన విద్య. మినుయెట్ అనే ఆ మూడు దెబ్బల నాట్యంలోనూ అదే చేశాను. మామ్మ ముందు, వెంట్రుకవాసి వెనక నేను. "లవ్, నా వెనక రాకు. నాతో కలిసి రా" అనేది. (ఇక్కడి పెద్దవాళ్ళ తీరులో నన్ను ఆప్యాయంగా 'లవ్' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే, ఆ సంతోషంలో మిగతాది వినేదాన్ని కాదు.) శనివారం నాట్య కచేరీ ఉందనగా, ఆ వారం మాత్రం విల్లు దించి, "నాట్యం చేసేవాళ్ళు ఎవరి లెక్కన అడుగు వెయ్యాలి? శనివారం కూడా ఇంతే అయితే వేరే మనిషిని చూసుకుంటాను" అంది. ఆ కుర్చీ పోతే నా ఆదివారాలు పోతాయి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శనివారం ఎనిమిది జంటలు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే, వరసల్లో నిలబడ్డారు. ఎండగా ఉందని ఎవరో మహానుభావుడు పెద్ద ఫ్యాను మా వైపు తిప్పాడు. సరిగ్గా సగంలో మామ్మ కాగితాలు ఎగిరి వెళ్ళి కేకుల పళ్ళెంలో పడ్డాయి, ఆవిడ విల్లు ఆగిపోయింది. నేను ఆలోచించలేదు. పాడేవాళ్ళకు దగ్గొస్తే సభకు తెలియకుండా ఆ జాగా నింపడం పక్కవాద్యం ధర్మం. రెండు నెలలు వెంటపడ్డాను కదా, మామ్మ వరస నాకు కంఠతా వచ్చు. అందుకున్నాను. (అలవాటు కొద్దీ చివర ఒక గమకం కూడా వేశాను, ముందు వరసలో ముసలాయన ఎత్తిన కాలు ఎప్పుడు దించాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాడు.) ఇంతలో పక్కన మామ్మ విల్లు కదిలింది. కాగితం లేదు, చెవే ఆధారం. వెంట్రుకవాసి నా వెనక వస్తోంది!

"సూపర్‌గా వాయించావే! మధ్యలో మామ్మగారెందుకు రెస్ట్ తీసుకున్నారు?" అంది, కచేరీ చూడ్డానికొచ్చిన వదిన. మామ్మ కాగితాలకంటిన క్రీము తుడుస్తూ, "చివర్లో వేశావే, ఆ వణుకు ఇంకెప్పుడూ వద్దు" అంది. నేను తలొంచుకుని వయొలిన్ పెట్టె మూశాను. "రేపు రెండింటికి. ఆలస్యం చెయ్యకు, లవ్."

ఇప్పుడు మామ్మ లేదు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఈమధ్య యూనివర్సిటీలో చదివే మనవాళ్ళమ్మాయి ఒకతె రెండో వయొలిన్‌కి చేరింది. చిన్నప్పటి నుంచీ పాటల పక్కన వాయించిందట, నా వెనకే వస్తుంది, వెంట్రుకవాసి దూరంలో. 'నాతో కలిసి రామ్మా' అని చెప్పాలని ప్రతి ఆదివారం అనుకుంటాను. తీరా ఆ రెండో విల్లు వెనక వినబడేసరికి, కుర్చీ పోతుందేమోనని అన్నం మానేసిన ఒకప్పటి ఆ పిల్ల గుర్తొచ్చి, వచ్చే వారం చెబుదాంలే అని నవ్వుకుంటాను.