మూడు మీటర్ల తీర్పు

ఎనభైల మొదట్లో, నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి జహీరాబాద్‌లో ఇంటిపట్టున ఉండగా, మా మామ ట్రాక్టరు ఇంజను వేడెక్కి పట్టేసింది. వేడి చూపే మీటరు ముల్లు తరచూ ఇరుక్కునేది. డ్రైవరు దాని అద్దం మీద చరిచేవాడు.

"దెబ్బ పడ్తెనే నిజం చెప్తది సారూ."

బాగుచేయించిన ఇంజను మళ్లీ పోతే కోసిన చెరకు ఫ్యాక్టరీకి చేరకుండానే ఎండిపోతుందని రెండో మీటరు పెట్టాను. రెండూ రెండు రకాలుగా చూపేవి. బండి ఆపక్కర్లేదనే మీటరునే అతను నమ్మేవాడు. విసిగిపోయి మూడోది బిగించి, ఏ రెండు కలిస్తే అదే నిజమని కాగితం మీద రాసి అంటించాను.

చెరకు లోడుతో చిరాగ్‌పల్లి దగ్గర ఇంజను మళ్లీ పట్టేసింది. సైకిలు మీద వెళ్లాను.

"పాతది గరం అన్నది. దెబ్బ గూడ కొట్టిన, గరమే అన్నది. కొత్తయి రెండు సల్లగున్నదన్నయి. నువ్వు రాసినట్లే నడిపిన" అన్నాడు.

కొత్త రెండింటికీ నేను ఒకే తీగతో కరెంటు ఇచ్చాను. ఆ తీగ ఊడి రెండు ముళ్లూ కిందికి, చల్లగా ఉందని చూపే వైపుకు పడిపోయాయి.

చెరకు రోడ్డు పక్కనే ఎండింది. ఆ సీజను మొత్తంలో అతను నా మాట విన్నది ఆ ఒక్క రోజే.