వదిన చేతులు

మా వదినంత గట్టి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పెళ్లికి ముందు నుంచీ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడినూనెకు వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయి, పులుసన్నం కలిపితే భగ్గుమనేవి. అందుకే చెంచాతో తినేది. "దొరసాన్లా తింతన్నాను సూడు" అని తనే నవ్వేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటాక, కొత్త జీడి ఫ్యాక్టరీవాళ్లు సూపర్‌వైజరు కావాలన్నారు. పిక్క ముట్టుకోనక్కర్లేదు, కొట్టేవాళ్లను చూసుకుంటే చాలు. ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులో. ఇంటరుతో చదువు ఆపేసిన వదిన, నాతోపాటు టెక్కలిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో కూర్చుంది. ఎంప్లాయర్ ఎవరో ఎంప్లాయీ ఎవరో, రిజైన్‌కీ రిటైర్‌కీ తేడా ఏమిటో నాకు బుర్రకెక్కేది కాదు. తను బస్సులోనే అన్నీ వల్లె వేసేసేది. జాబ్ అంటే ఉద్యోగం, వర్క్ అంటే పని.

ఇంటర్వ్యూ రోజున నేను గుమ్మం బయట నిలబడ్డాను. మేనేజరు పై రాష్ట్రం మనిషి. ఇంతకుముందు ఏదైనా జాబ్ చేశారా అని ఇంగ్లీషులో అడిగాడు.

"నో సార్" అంది వదిన.

ఆయన వెళ్లిరమ్మన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అదేటి వదినా, ఇన్నేళ్లూ సేసిందేటి మరి?"

"అది ఉద్యోగమేటే? పని."

మా ఉద్దానం పల్లెల్లో అంతే. ఉద్యోగమంటే గవర్నమెంటుది. మిగతావాళ్లం ఒళ్లు హూనం చేసుకున్నా, ఏం చేస్తున్నావని అడిగితే "ఖాళీయే" అంటాం. ఆ సంగతి పై రాష్ట్రం మనిషికి ఏం తెలుస్తుంది?

"ఆయనకి రెండూ ఒకటే వదినా. పిక్కలు కొట్టినా జాబే."

వదిన నా మొహంలోకి చూసింది. చెంగు దోపుకుని, ఎవరూ పిలవకుండానే మళ్లీ లోపలికి నడిచింది. నేనైతే చచ్చినా వెళ్లేదాన్ని కాదు. రెండు చేతులూ ఆయన బల్ల మీద పరిచింది.

"సార్, దిస్ ఈజ్ మై జాబ్."

ఆయన ఆ వేళ్లను చాలాసేపు చూసి, కూర్చోమన్నాడు.

వదిన సూపర్‌వైజరుగా చేరి కొన్ని నెలలు గడిచాక, ఓ ఆదివారం అమ్మ అక్కుపల్లి సముద్రపు చేపలతో పులుసు పెట్టింది. అలవాటు కొద్దీ వదిన కంచం పక్కన చెంచా వేశాను. ఆమె దాన్ని పక్కకు జరిపి చేత్తో కలుపుకుంది.

"మండతందా వదినా?"

"నేదు. ఇంకొంచెం పులుసెయ్యి."