కడియం నుంచి పాలకొల్లు దాకా రెండు సీట్ల కారులో

ఇటలీ కారు కొనాలనుకునేవారు ముందు అందులో ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి. మేం పెట్టుకోలేదు. కడియంలో నర్సరీ నడిపే సత్తిబాబుగారు పంపిన ఫోటోలో పసుపుపచ్చ కారు ముందు భాగమే కనిపించింది. దాని వెనక ఇంకా చాలా కారు ఉంటుందని మా ఆయన నమ్మారు. ఆ ఏడాది మా చెరువుల్లో రొయ్యలు తెగులు తగలకుండా బయటపడ్డాయి. ఆయనకు కాలేజీ రోజుల నుంచీ స్పోర్ట్స్ కారు మీద మోజు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి వాడిందైనా సరే అన్నారు.

నాకు కారు మీద మోజేమీ లేదు. ఆయన పక్కన కూర్చోవాలని మాత్రం ఉండేది. మా అంబాసిడర్‌లో స్టీరింగు డ్రైవర్ అప్పారావుది, ముందు సీటు ఆయనది. వెనక ఒక కిటికీ అత్తగారిది, రెండోది పిల్లలది. మధ్యలో నేను, నా ఒళ్ళో ఏదో ఒక బుట్ట. పెళ్ళయి పందొమ్మిదేళ్ళయినా మేమిద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. కొత్త కారులోనైనా నా చోటు మారుతుందేమోనని నేనూ బయల్దేరాను.

ఏప్రిల్లో ఒక గురువారం, ఉదయం 5.40కి మొగల్తూరులో నరసాపురం బస్సెక్కాం. మా ఆయన, నేను, అత్తగారు, అప్పారావు. ఉన్న డ్రైవరు ఒక్కడే, రెండు కార్లు వెనక్కి తేలేడు కాబట్టి అంబాసిడర్ ఇంట్లోనే ఉండిపోయింది. నరసాపురంలో బస్సు మారి, 7.10కి పాలకొల్లు చేరి, అత్తగారిని వాళ్ళ తమ్ముడిగారింట్లో దింపాం. సాయంత్రం కొత్త కారులో వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళాలి.

"నాకు మంచి సీటు ఉంచండి," అన్నారావిడ. నేను మళ్ళీ మధ్యలోకే అనుకున్నాను.

7.45కి రాజమండ్రి బస్సు. మార్టేరులో ఒళ్ళో పనసకాయతో ఒకావిడ నా పక్కన కూర్చుంది.

"ఎక్కడిదాకా అండి?"

"కడియం. కారు కొనడానికండి."

"అమ్మేటాయన పంపలేదాండి కారు?"

"నడిపి చూసుకుని కొనాలి కదండి," అన్నారు మా ఆయన ముందు సీట్లోంచి.

"అవునండి. మా ఆయన గేదెనైనా నడిపించి చూసే కొంటాడు," అందావిడ.

రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. పెసరట్టు అడగకండి, అది వచ్చేలోపు కండక్టరు విజిలేస్తాడు. మేం అడిగాం. చట్నీ మాత్రం తిని బస్సెక్కాం. పది గంటలకి నర్సరీల దగ్గర దిగాం. రోడ్డుకి రెండు వైపులా మొక్కలే, వాటి మధ్య లారీలు.

సత్తిబాబుగారి కారు ఆకుపచ్చ వల కింద, క్రోటన్ల మధ్య ఉంది. బెంగుళూరికి మొక్కలు తోలినప్పుడు ముచ్చటపడి కొని, ఖాళీ లారీలో ఎక్కించుకొచ్చారట. ధర ఎంతో రాయను, మా అత్తగారు ఇది చదువుతారు. మా ఆయన కారు చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, అక్కడే నిలబడిపోయారు.

"సత్తిబాబుగారూ, వెనక సీటేదండి?"

"ఉందని నేనెప్పుడన్నానండి?"

ఉన్నవి రెండే. పైగా స్టీరింగు ఎడమపక్కన. ఏం ఫర్వాలేదండి, తమరూ నేనూ ఇద్దరమే కదా అన్నాడు అప్పారావు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. మా ఆయన నావైపు తిరిగి, నువ్వు బస్సులో వచ్చెయ్యి, పాలకొల్లులో కలుద్దాం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మొక్కలు చూసే వంకతో దూరంగా వెళ్ళిపోయాను.

నన్ను కాపాడింది అప్పారావు ఎడమచెయ్యి. ఇరవై ఏళ్ళుగా గేరు మీద ఉండే ఆ చెయ్యి ఇప్పుడు గేరనుకుని తలుపు పిడిని లాగింది. తలుపు తెరుచుకుని ఒక క్రోటన్ కుండీ పగిలింది. రెండోసారి ఇంకో కుండీ. మూడోసారి అతను ఇంజను ఆపి దిగాడు.

"నావల్ల కాదండి. నాకు పెళ్ళాం పిల్లలున్నారండి."

కాలేజీలో ఉండగా జీపు నేర్చుకున్న మా ఆయనే ఎక్కాల్సి వచ్చింది. ఆయన చెయ్యి ఏ గేరుకీ అలవాటు పడలేదు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. "సరే, పాలకొల్లు దాకా నువ్వెక్కు సుశీలా," అన్నారు. "అక్కడ అమ్మ ఎక్కుతుంది. నువ్వూ అప్పారావూ బస్సులో వద్దురు గాని." ఎక్కకముందే నేను ఎక్కడ దిగాలో తేలిపోయింది.

సత్తిబాబుగారింట్లో మామిడికాయ పప్పుతో భోంచేసి ఒంటిగంటకి బయల్దేరాం. అప్పారావు తర్వాత బస్సులో వస్తానన్నాడు. కారుకి పైకప్పు గుడ్డదే. దాన్ని మడిచేశాక నెత్తిన ఎండ, ఎదురుగా గాలి. ఆయన స్పీడు ముప్పై దాటనివ్వలేదు. జొన్నాడ ముందు మొక్కల లారీ ఒకటి అడ్డమొచ్చింది. ఎడమపక్క కూర్చున్న మనిషికి లారీ తప్ప ఏమీ కనపడదు. ఎదురుగా ఏం వస్తోందో నాకే కనపడుతుంది.

"వెళ్ళనా?"

"ఆగండి, బస్సు."

"ఇప్పుడు?"

"ఆగండి."

"ఇప్పుడు?"

"వెళ్ళండి."

వెళ్ళారు. ఆయన ఒక్క విషయం గురించి నన్ను మూడుసార్లు అడగడం, నేను చెప్పినట్టు చెయ్యడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ తర్వాత వచ్చిన లారీల్లో కొన్నింటిని ఖాళీ రోడ్డున్నా కాసేపు దాటనివ్వలేదు.

రావులపాలెం పెట్రోలు బంకులో మీసాలు నెరిసిన పెద్దమనిషి నా వైపుకి వచ్చి, "అమ్మగారూ, స్టీరింగు ఏం చేశారండి?" అని అడిగాడు. నిన్ననే అమ్మేశానన్నాను. మా ఆయన పడీపడీ నవ్వారు. ఆయన నవ్వు ఇంట్లో ఇతరులతో ఉన్నప్పుడు వినడమే గాని, నా మాటకి వినలేదు.

మూడున్నరకి సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి చెరుకురసం తాగాం.

"నీకు గాలి పడదు కదా, కప్పు వెయ్యనా?" అన్నారు.

"నాకు పడదని ఎవరు చెప్పారు?"

"అమ్మ."

అంబాసిడర్ అద్దాలు పందొమ్మిదేళ్ళు ఎందుకు మూసి ఉన్నాయో అప్పుడు తెలిసింది. గాలి పడనిది ఆవిడకి. నాకు చాలా ఇష్టమని చెప్పాను. ముందే చెప్పొచ్చు కదా అన్నారు. ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, కప్పు వెయ్యకుండానే కారెక్కారు.

అక్కణ్ణించి ప్రతి ఊళ్ళోనూ స్పీడు బ్రేకర్లు. ఈ కారు పొట్ట నేలకి జానెడే. ప్రతిచోటా నేను దిగడం, ఆయన ఖాళీ కారు మెల్లిగా దాటించి ఆపడం, నేను నడిచి వెళ్ళి ఎక్కడం. మార్టేరు దగ్గర అప్పారావు ఎక్కిన బస్సు మమ్మల్ని దాటేసింది. పాలకొల్లు బస్టాండులో ఉంటానని అరిచి, కిటికీలోంచి దండం పెట్టాడు.

ఈ కారు ఎలా ఉందని అడిగేవారికి చెప్తున్నాను. కింద తగులుతుంది, ఎండకి మాడుస్తుంది, సామాన్లకి చోటు లేదు, పక్కమనిషి సాయం లేకుండా ఎడ్లబండిని కూడా దాటలేదు. నాకు మాత్రం దిగబుద్ధి కాలేదు. పాలకొల్లు దగ్గరపడేకొద్దీ ఆయన ముప్పై నుంచి ఇరవైకి తగ్గించారు.

5.25కి చేరాం. అత్తగారు పట్టుచీర కట్టుకుని, సంచి పట్టుకుని వీధిలోనే ఉన్నారు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"వెనక సీటేదిరా?"

"లేదమ్మా. ఇద్దరికే."

"అయితే నువ్వు దిగమ్మాయ్," అన్నారు, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా.

నేను తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. మా ఆయన స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తున్నారు.

"అమ్మా, సుశీల దిగితే నేను నడపలేను," అన్నారు. "నువ్వు ఈ రాత్రికి ఇక్కడే ఉండు. రేపొద్దున అప్పారావుని అంబాసిడర్‌తో పంపిస్తాను."

అత్తగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. పెద్ద గొడవే అనుకున్నాను. ఆవిడ సంచి కింద పెట్టి, నా చీర కుచ్చిళ్ళు లోపలికి తోసి, తలుపు తనే వేశారు.

"వెళ్ళిరండి," అన్నారు. "మీ మామగారి రోజుల్లో ఇలా ఇద్దరికే ఉండేవి అమ్మేవాళ్ళు కాదమ్మాయ్."