నీళ్లు తేటపడేదాకా

ఇంగ్లీషులో ‘వాష్’ అనే మాట నీళ్ల నుంచే పుట్టిందట. వాటర్‌కూ దానికీ మూలం ఒకటేనని హిందూపురంలో మా కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి నిఘంటువులో చదివాను. మొదట్లో ఆ మాటను ఎక్కువగా బట్టలకే వాడేవారట. ఒళ్లు కడగడానికి వేరే మాట ఉండేది, అది చచ్చిపోయింది. మనకింకా దేని మాట దానికుంది. బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, కాళ్లు కడుగుతాం. మా నాయన రోజంతా జాడించేవాడు.

ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసే పని ఆయనది. రంగులోంచి తీసిన నూలును నీళ్లు తేటపడేదాకా జాడించాలి. లేకపోతే చీరలో ఒక రంగు ఇంకో రంగులోకి పాకుతుంది. ఆ వారం ఏ రంగు వేశాడో ఆయన చేతులే చెప్పేవి.

నిరుడు చలికాలంలో దగ్గు పట్టుకుంది. అమ్మ ఆయన్ను రైలెక్కించి హిందూపురంలో నా దగ్గరికి తీసుకొచ్చింది. పెనుకొండ దాటాక ఆయాసంతో కూర్చోలేకపోయాడట. ఆస్పత్రిలో నర్సు ఆయన వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. అంకె రాలేదు.

“రంగుంది. వాష్ చేయించుకొని రాండమ్మా.”

కొళాయి దగ్గర సబ్బుతో రుద్దాను. నాయన గసపోస్తూనే నవ్వాడు. “ఇన్నేండ్లు పోని రంగు, నీ సబ్బుకు పోతాదా తల్లీ?”

రెండోసారి నర్సు క్లిప్పు చెవి తమ్మెకు పెట్టింది. అంకె చూసి ఆక్సిజన్ కోసం కేకేసింది.

“గోళ్లు ఎప్పట్నించి ఇట్ల నీలంగా ఉండాయి?”

“అది రంగు మేడమ్, ఆయన గోళ్లు ఎప్పుడూ అట్లే...” అంటూ అమ్మ ఆగిపోయింది. నా చేయి పట్టుకుంది. “యాడిది నీలం? నెల దినాలుగా ఎర్రనూలే కదా ఏస్తాండేది!”

అమ్మ ఆ గోళ్లను రోజూ చూసింది, సబ్బు రుద్దుతూ నేనూ చూశాను. రంగే అనుకున్నాం.

తెల్లవారకముందే నాయన పోయాడు.

ధర్మవరంలో వాకిట్లో పడుకోబెట్టి స్నానం చేయించారు. మామ అరచేతులు రుద్దుతుంటే ఎర్రటి నీళ్లు కాలువలోకి పారాయి.

“చాల్లే అక్కా, పొద్దు పోతాంది,” అన్నాడు.

“ఉండప్పా. ఇంకా ఎరుపు వస్తాంది. ఇట్ల ఇడిస్తే ఆయన ఒప్పుకోడు.”

అమ్మ చెంబు తర్వాత చెంబు పోసింది. చివరికి నీళ్లు తేటపడ్డాయి. ఆయన గోళ్లు నీలంగానే ఉన్నాయి.