ఒక ఎకరం మిరప, ఒక నీటి వంతు

ఎనభైల్లో నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించేవాణ్ణి. ముప్పాళ్ళ దగ్గర మా ఊళ్ళో మాకు మిగిలింది ఒక్క ఎకరం. ఆ ఏడు దాన్ని కౌలుకివ్వకుండా నేనే మిరప వేశాను. మా చేను పచ్చగా ఉండగా ఊరు చూడాలి, అంతే.

క్లాసులో చెప్పే పాఠం నాకు కంఠతా వచ్చు. కణం చుట్టూ కొవ్వుతో ఏర్పడిన పొర ఉంటుంది. నీళ్ళు కొవ్వును తమలో కలుపుకోవు గనకనే అది పొరగా నిలుస్తుంది. దాని బయట గట్టి గోడ. లోపల నిండిన నీళ్ళు పొరను గోడకేసి నొక్కుతున్నంతసేపే లేతమొక్క నిటారుగా ఉంటుంది. బయట ఉప్పో, ఎరువో ఎక్కువైతే ఆ నీళ్ళు బయటికి పోతాయి.

ఇంత తెలిసీ, కాలువ నీళ్ళు వస్తాయన్న ధీమాతో మొక్కల మొదట్లో బస్తా యూరియా మొత్తం వేశాను. మా వంతు వెనక్కి పోయింది. ఒక జల్లు పడింది. ఎరువు కరగడానికి సరిపోయింది గానీ మొక్కలు తాగడానికి చాలలేదు. మర్నాటి మధ్యాహ్నానికి ఆకులు వాలాయి.

పక్క చేను రైతు ఒకప్పుడు మా పాలేరు. ఆ రోజు నీటి వంతు అతనిది. గట్టు మీద నిలబడి చూశాడు.

"ఏందయ్యగారూ, బస్తా అంతా కుమ్మరించారా? పెళ్ళి భోజనం పెట్టినట్టుందే!"

నేను వంగి వాలిన ఆకొకటి ఎత్తి చూశాను.

"చానా నీళ్ళు పారితేగానీ ఆ ఉప్పు పోదు. పొద్దుగూకేదాకా నా వంతే. ఇటు తిప్పమని ఒక్క మాట అడగండి."

"తిప్పితే తిప్పు."

"అట్టా కాదు. నీళ్ళు దొంగతనంగా తిప్పుకున్నానని మీ నాయన నన్ను పదిమందిలో నిలబెట్టాడు. మీరు నోరారా అడగండి."

కలుపు తీస్తున్న అతని భార్య తల ఎత్తకుండానే అంది: "అడిగితే ముత్యాలు రాలిపోతాయా ఏంది!"

అప్పట్లో గట్టు తెగి నీళ్ళు అతని చేలోకి పారడం ఎలకల వల్లేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను నిలబడే ఉన్నాను. అతను పార ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, పార కడుక్కుని వెళ్ళిపోయాడు.

తెల్లవారి ఒక ఆకు తెంపి కాలేజీకి తీసుకుపోయాను. బ్లేడుతో సన్నగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. లోపలి పచ్చటి పదార్థం ముద్దయి గోడను వదిలేసింది. గోడలు మాత్రం నిటారుగానే ఉన్నాయి. అంచున మంచినీళ్ళ చుక్క వేశాను. ఏదీ ఉబ్బలేదు. పొర చచ్చిపోయాక నీళ్ళు పోసినా కణం నిండదు. అదీ పాఠంలోనే ఉంది.

గాజుపలక కడిగి డబ్బాలో పెట్టాను. గంట కొట్టారు. క్లాసుకు వెళ్ళాను.